నాడా కింది పుండు

నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. కోపంగా అన్న మాటలు కొంచెం మెత్తగా రాస్తానంది. మెత్తగా రాసేదైతే కాగితం అవతల పెట్టు, పోయి చదువుకో అన్నాను.

నా భర్త అరికాలి మచ్చతో చచ్చిపోయాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల మొహాలు చూస్తుంటాను. పాము కరిచి పోయాడంటే నమ్ముతారు, లారీ గుద్ది పోయాడంటే నమ్ముతారు. అరికాలి మచ్చతో పోవడమేమిటని వాళ్లకు లోపల అనిపిస్తుంది. నాకూ అప్పట్లో అట్లాగే అనిపించింది. అందుకే ఆయన లేడు.

మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. కొంచెం పొలం ఉంది. అది సరిపోక నేను పత్తికి, చిక్కుడుకి, మొయినాబాద్ దిక్కు పూలతోటలకు కూలికి పోయేదాన్ని. ఆయన పొలంలో చెప్పులు వేసుకునే మనిషి కాదు. ఒక వానకాలంలో తుమ్మముల్లు గుచ్చుకుంది. తీసి పారేశాడు. కొన్నాళ్లకు మడమ పక్కన కందిగింజంత నల్లమచ్చ కనిపించింది.

"ముల్లు ఇరిగి లోపల ఉన్నట్టున్నదే, జర చూడు" అన్నాడు.

పిన్నీసుతో గెలికాను. ఏమీ రాలేదు. రాకపోతే లోపల ఏమీ లేదనుకోవాలి. మేము లోతుకు దిగిందనుకున్నాం.

రాని ముల్లుకు మా దగ్గర జీడి పెడతారు. నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తే నూనె బుగ్గలు కడుతుంది. ఆ నూనెను ముల్లు దిగినచోట అద్దితే చర్మం మాడి, పొర లేచి, దాంతోపాటు ముల్లు ఊడుతుందని నమ్మకం. జీడి మరక ఏం చేసినా పోదు. చాకలివాళ్లు వెనకట ఏ బట్ట ఎవరిదో గుర్తు పెట్టుకునేది దానితోనే. అంత నలుపు. ఆ జీడిని ఆయన కాలికి పెట్టింది ఎవరో కాదు, నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టాను. ఆయన పళ్లు బిగపట్టుకుని, "గట్టిగ పెట్టవే, పీడ పోతది" అనేవాడు.

మచ్చే నల్లగా ఉంది. దాని మీద నేను నలుపు పూశాను. తర్వాత అది పెరిగితే జీడి పాకిందనుకున్నాం. అంచు వంకరటింకరగా పోతే నూనె కారిందనుకున్నాం. ఒక పక్క నల్లగా, ఒక పక్క ఎర్రమట్టి రంగులో ఉంటే మరక ఊడుతోందనుకున్నాం. రక్తం కారినప్పుడు, ఇక మెత్తబడింది, ముల్లు బయటికి వస్తుందని నేను సంతోషపడ్డాను కూడా. చివరికి గజ్జల్లో బిళ్ల కట్టింది. కాలికి పుండుంటే బిళ్ల కట్టదా అన్నారు ఊళ్లో. అవును, కడుతుంది. అన్నిటికీ మా దగ్గర ఒక కారణం తయారుగా ఉండేది.

పట్నంలో క్యాన్సర్ దవాఖాన డాక్టరు పాదం చూశాడు, గజ్జల్లో చెయ్యి పెట్టి చూశాడు, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎప్పటి సంది ఉన్నది?"

"రెండేండ్లు అయితుంది సార్."

"ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?"

నా భర్త నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను. జీడి పెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. అడగాల్సిందే అడిగాడు. మళ్లీ వానలు పడకముందే నా భర్త పోయాడు.

ఆయన మంచం మీద ఉన్న రోజుల్లో అక్కడి నర్సమ్మ ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచింది. నా వయసు మనిషే. "మీ ఒళ్లు మీరు ఎన్నడన్న చూసుకున్నరా అమ్మా?" అని అడిగింది. నాకు చిర్రెత్తింది. మొగుడు చావబోతుంటే నా ఒంటి సంగతి ఎందుకమ్మా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"గందుకే చెప్తున్న. నల్ల తోలుకు ఈ రోగం రాదనుకుంటరు మనోళ్లు. వస్తది. ఎండ తగలని చోట గూడ వస్తది. నెలకొక్కసారి మంచి వెలుతుర్ల నిలబడి, మాడు నుంచి అరికాలు దాకా చూసుకోవాలె. చెవుల ఎనక, రొమ్ముల కింద, నడుము చుట్టు, వేళ్ల సందుల్ల, గోర్ల కింద. ఈపు అద్దంల చూడాలె, కనిపియ్యకపోతే ఇంకొకర్ని చూడుమనాలె. కొత్తగ మచ్చ వచ్చినా, పాతది పెరిగినా, రంగు మారినా, నెల దినాలైనా పుండు మానకున్నా, ఊకెనే రక్తం వచ్చినా డాక్టర్‌కు చూపియ్యాలె. గిది ముల్లు, గిది ఆనెకాయ అని మీరు పేరు పెట్టొద్దు. చూసుడు వరకే మీ పని."

ఈ మాటలు రెండేళ్ల ముందు చెప్పేవాళ్లు ఉంటే? మా ఊరికి పోలియో చుక్కలకు వస్తారు, ఓట్లకు వస్తారు, ప్లాట్లు చూపించడానికి కార్లేసుకుని వస్తారు. అరికాలు చూసుకోండని చెప్పడానికి ఒక్కరూ రాలేదు. మొగుణ్ని పోగొట్టుకోబోతున్న రోజున, దవాఖాన వరండాలో నిలబడి నేనది నేర్చుకున్నాను.

మా స్నానాల గదికి పైకప్పు లేదు. నాలుగు గోడలు, ఒక రేకు తలుపు. పగటి పూట వెలుతురు నేరుగా పడుతుంది. నెలకొక ఆదివారం తలస్నానానికి ఆయన గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని అందులోకి పోయేదాన్ని. పీట మీద కూర్చుని అరికాలు తిప్పి చూడడం ఎంత కష్టమో చేసి చూడండి. మోకాళ్లు పట్టేస్తాయి. ఇన్నేళ్లు నన్ను మోసిన అరికాళ్లను నేను అప్పుడే మొదటిసారి చూశాను.

గోడ అవతలి ముసలామెకు నా అద్దం కంటబడింది. నలుగురు ఆడవాళ్లు వినేటట్టు అన్నది.

"మొగుడు పోయినంక అద్దం అక్కరొచ్చిందా అవ్వా నీకు?"

"మొగుడు ఉన్నప్పుడే చూస్తే మొగుడు ఉండేటోడు. పో, పోయి నీ కాళ్లు చూస్కో" అన్నాను.

ఆ ముసలామె ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఆరు నెలలు నా ప్రాణం హాయిగా ఉంది.

వీపు చూడడం నా వల్ల కాలేదు. మా వాకిట్లోనే అవతలి రెండు గదుల్లో మా మరిది, ఆయన భార్య ఉంటారు. తోడికోడలు నాకన్నా పదేళ్లు చిన్నది. ఆమెను పిలిచేదాన్ని.

"అక్కా, నీ ఈపు మీద చెమటకాయలు తప్ప ఏం లెవ్వు" అని నవ్వేది.

"మంచిది. ఇప్పుడు నువ్వు తిరుగు, నీది చూస్త."

"నాకేమైంది? బర్రె లెక్క ఉన్న."

ప్రతినెలా ఇదే మాట. నేనూ గట్టిగా పట్టుకోలేదు. సిగ్గుపడుతోంది పోనీలే అని వదిలేశాను. వదిలేసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

శివరాత్రి అయిపోయిన తర్వాత ఒకరోజు దండెం మీద ఆమె లంగాలు కనిపించాయి. లంగాలను మేము చీర కింద కప్పి ఆరేస్తాం. గాలికి చీర పక్కకు పోయింది. రెండు లంగాలకూ కుడిపక్క, నాడా దూర్చే పట్టీ మీద, పసుపుపచ్చగా మరక ఉంది. ఉతికినా పోని మరక. మర్నాడు చిక్కుడు తెంపడానికి ఆటోలో పోతుంటే ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. మా ఇంట్లో ఒక ఏడాది పీల్చాను.

ఆ సాయంత్రం పొలం నుంచి వచ్చి ఆమె స్నానానికి పోగానే నేను వెనకాలే పోయి తలుపు పట్టుకున్నాను.

"నడుము చూపియ్."

"సిగ్గు లేదా అక్కా! బయటికి పో."

"లేదు. చూపియ్."

"మా ఆయనను పిలుస్త."

"పిలువు. ఆయన గూడ చూస్తడు."

ఏడ్చింది. ఏడుస్తూనే నాడా విప్పింది. నడుము చుట్టూ తాడు కట్టినట్టు చర్మం నల్లగా, మందంగా ఉంది. ఆ నలుపు మా అందరికీ ఉంటుంది. నాకూ ఉంది. పత్తి ఏరేటప్పుడు, చిక్కుడు తెంపేటప్పుడు పాత చీర ముక్కను సంచిలాగా నడుముకు కట్టుకుని అందులో వేసుకుంటాం. దాన్ని ఒడి అంటాం. ఒడి నిండేకొద్దీ బరువంతా లంగా నాడా మీద పడుతుంది. జారకుండా నాడాను ఊపిరాడనంత బిగిస్తాం. పొద్దున బిగిస్తే ఇంటికి వచ్చేదాకా విప్పం. పెళ్లయిన నాటి నుంచి అదే చోట, అదే ముడి.

ఆ నల్ల పట్టీ మధ్యలో, కుడిపక్క ముడి పడే చోట, రూపాయి బిళ్లకన్నా పెద్ద పుండు. అంచు చుట్టూ పైకి లేచి గట్టిగా ఉంది. మధ్యలో పచ్చి ఎరుపు. ఆమె దాని మీద బట్ట మడతపెట్టి, ఆ బట్ట జారకుండా దాని మీదే నాడా బిగించుకుంటోంది. బట్ట తీస్తే రక్తం వచ్చింది.

"ఎన్నటి సంది?"

"బతుకమ్మ నాడు నాడా గట్టిగ కట్టిన. ఒరుసుకపోయింది."

"బతుకమ్మ నాటి ఒరుపు శివరాత్రి దాటినా మానదానే?"

"రోజు ఒరుస్తనే ఉన్నది గదక్కా, ఎట్ల మానుతది?"

ఇదిగో, ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. ఆమె అబద్ధం చెప్పలేదు. నాడా ఒరిసింది నిజమే. నా భర్తకు ముల్లు గుచ్చుకున్నదీ నిజమే. మేము నిజమైన కారణాలే చెప్పుకుని, వాటిని పట్టుకుని ఇళ్లలో కూర్చుంటాం.

"ఎవరికన్న చూపిచ్చినవా?"

"ఊరి డాక్టర్‌కు చెప్పిన. మలాం ఇచ్చిండు."

"చెప్పినవా, చూపిచ్చినవా?"

"నడుము ఎట్ల చూపిస్త అక్కా! చెప్పిన."

ఆమె చూపించలేదు, ఆయన అడగలేదు. చీర మీద నుంచే రోగం చూసి మలాం ఇచ్చిన మహానుభావుడు. మూడు గొట్టాలు వాడిందట.

చీకటి పడకముందే మరిది ఆటో వేసుకుని వచ్చాడు. చేవెళ్ల మార్కెట్‌కు కూరగాయలు తోలుతాడు. నేను విషయం చెప్తుండగానే జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. ఆయనకు పుండు సంగతి ముందే తెలుసు.

"ఫికర్ జెయ్యకు వదినె. మార్కెట్ల అడిగి జీడిగింజలు తెచ్చిన. రెండుసార్లు అంటిస్తే ఎండిపోతది."

ఆ తర్వాత నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. పొట్లం లాక్కున్నానట, పెంటకుప్పలోకి విసిరానట, ఆయన చొక్కా పట్టుకున్నానట. నా గొంతు పక్క వాడకు వినిపించిందట. ఒక్క మాట మాత్రం గుర్తుంది.

"మీ అన్న కాలికి జీడి పెట్టిన చేతులు గివే! చూడు! మళ్ల ఎవ్వలకు పెడ్తవ్ రా?"

మరిదిని నేను ఎప్పుడూ 'రా' అనలేదు. ఆయన తెల్లబోయాడు.

"వదినె, గది వేరే, గిది వేరే. గది కాలు, గిది నడుము. ఆడిమనిషి పోయి మొగ డాక్టర్ ముంగట నడుము ఇప్పుకుంటదా? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురు మొన్న మీ అన్నను మోసిండ్రు. ఈమెను గూడ మోస్తరు, నీకు ఆ ఫికర్ వద్దు."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె అక్కడే, గడపలో నిలబడి ఉంది. కానీ నేను దాన్ని వెనక్కి తీసుకోను.

పొద్దున ఆమే నా దగ్గరికి వచ్చింది. నేను పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

"అక్కా, బావ పోయినప్పటి సంది నాకు అనుమానమే. చూపిస్తే పేరు పెడ్తరు. చూపియ్యకపోతే ఏం లేనట్టే ఉంటది అనుకున్న."

కొట్టాలనిపించింది. దగ్గరికి లాక్కోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "చీర మార్చుకో, బస్ పోతది" అన్నాను.

చేవెళ్ల సర్కారు దవాఖానలో ఉన్నది ఆడ డాక్టరే. మగ డాక్టరు, సిగ్గు అని అంత గొడవ పడ్డాం కదా, ఒక చిన్నపిల్ల, మా కూతురంత వయసు. పరదా లాగి, గ్లవుజు వేసుకుని, పుండు అంచు వేళ్లతో పట్టి చూసి, రెండు గజ్జలూ తడిమింది. "పోయిన నెలే వస్తే బాగుండు, కానీ ఇప్పుడన్న వచ్చిండ్రు" అని పట్నానికి కాగితం రాసింది. పట్నంలో అదే దవాఖాన, అదే వరండా. నా కాళ్లు లోపలికి పోవడానికి మొరాయించాయి. తోడికోడలు నా చెయ్యి పట్టుకుని, "నువ్వే గిట్లైతే ఎట్ల అక్కా" అన్నది.

పుండు అంచు నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా పది రోజులు పట్టింది. ఆ పది రోజులు మరిది నా గడప తొక్కలేదు. ఆమె వంట చేసింది, బట్టలు ఉతికింది, తన కొడుకుతో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడింది. నేను మాత్రం కనిపించిన ప్రతివాళ్లతో తగువు పెట్టుకున్నాను. పాలవాడితో, ఆటోవాడితో, కోడితో కూడా.

జవాబు వచ్చింది. క్యాన్సరే. డాక్టరు ఆమెకే నేరుగా చెప్పాడు.

"తోలుదే, లోపలికి ఎక్కువ పోలేదు. బిళ్లలు తగుల్తలేవు. చుట్టూ కొంచెం ఎక్కువ కోసి తీసేస్తం. మొత్తం పోయిందా లేదా అన్నది కోసినంక పరీక్ష చెప్తది. తర్వాత మూడు నెలలకోసారి మాకు చూపియ్యాలె, ఇంటి దగ్గర నెలనెలా మీరు చూసుకోవాలె. నాడా మాత్రం ఇక అక్కడ కట్టొద్దు."

కోశారు. తొడ మీది తోలు తీసి అక్కడ అతికారు. మళ్లీ పరీక్ష చేసి, అంచుల్లో ఏమీ మిగల్లేదన్నారు. నర్సమ్మ ఆ మాట చెప్పినప్పుడు నాకు సంతోషం కన్నా ముందు మంట వచ్చింది. కందిగింజంత ఉన్నప్పుడు నా భర్తను ఇక్కడికి తెచ్చి ఉంటే, ఇట్లాగే ఒక ముక్క కోసి తీసేవాళ్లు కదా. బహుశా కుంటుతూ నడిచేవాడు. కుంటుతూ వచ్చి, అన్నం పెట్టవే అని నా మీద అరిచేవాడు.

ఇంటికి వచ్చాక ఒక వింత జరిగింది. మరిది హోటల్ ముందు కూర్చుని నలుగురికీ చెప్తున్నాడు. "నేను లేట్ చెయ్యలే అన్న. అనుమానం రాంగనే పట్నం తీస్కపోయిన." నేను పాలు తీసుకుని పోతూ విన్నాను. నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు. చాయ్ గ్లాసులోకి తల పెట్టాడు. అందరి ముందూ ఏమైనా అనేదాన్నే. ఆమె మొగుడు కదా అని నోరు నొక్కుకున్నాను. ఆ రోజు నొక్కుకున్నది ఇక్కడ చెప్తున్నాను.

గాయం మానాక ఆమె మళ్లీ పనికి బయలుదేరింది. ఒడికి బదులు నేను యూరియా బస్తా కడిగి, భుజాన వేసుకునే సంచి కుట్టిచ్చాను. పొలంలో ఆడవాళ్లు "బడిపిల్ల వచ్చింది, పలక తెచ్చినవా?" అని నవ్వారు. ఆమె కూడా వాళ్లతో నవ్వింది. లంగాకు నాడా తీసేసి వెడల్పు పట్టీ కుట్టించాను. నెలనెలా మా పైకప్పు లేని గదిలో, ఇప్పుడు ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటున్నాం. అతికిన తోలు చుట్టూ గట్టిగా ఏమైనా లేస్తోందా అని నేను వేలితో తడుముతాను. చక్కిలిగింత అని ఆమె తిడుతుంది.

మూడు నెలలకోసారి చూపించుకునే రోజు మొన్న రెండోసారి వచ్చింది. పత్తి పగిలి ఉంది, మనుషులు దొరకడం లేదు. మరిది వాకిట్లో ఆటో తుడుస్తూ అన్నాడు.

"మంచిగనే ఉన్నది గద. ఊకె తిరుగుడు ఎందుకు? పత్తి అయినంక పోదురు."

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు లోపలి నుంచి ఆమె వచ్చింది. చీర కట్టుకుని, దవాఖాన కాగితాల కవరు పట్టుకుని ఉంది.

"మంచిగున్నదని నీకెట్ల ఎరుక?"

"కనిపిస్తలేదా ఏంది?"

"ఏం కనిపిస్తున్నది నీకు, చీరనా? కోసి ఆరు నెలలు దాటింది. ఒక్కనాడన్న చూసినవా? ఎన్నడు చూసినవ్, చెప్పు!"

ఇన్నేళ్లలో ఆమె మొగుడి మీద గొంతెత్తడం నేను వినలేదు. గోడ అవతల ముసలామె చెంబు చప్పుడు ఆగింది. తోడికోడలు జవాబు కోసం నిలబడలేదు. చెప్పులు వేసుకుని రోడ్డు ఎక్కింది. నేను తలుపుకు గొళ్లెం పెట్టి ఆమె వెనక ఉరికాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెమట తుడుచుకుంటూ నాతో చెప్పింది.

"అక్కా, ఈసారి డాక్టర్‌తోని నువ్వు మాట్లాడకు. నా నడుము సంగతి నేనే చెప్త."

నాకు కోపం వచ్చింది. ఇంత చేసిన నన్ను నోరు మూసుకోమంటోంది. మొయినాబాద్ దాటేదాకా నోరు మూసుకునే కూర్చున్నాను.